క్లైమాక్స్‌కి తాళం

కంప్యూటర్ల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసులో బాగా కష్టమైన ఇన్‌స్టలేషన్ ఏది?" అని అడుగుతుంటారు. నా ఉద్యోగమంతా ఒక ప్రభుత్వ సంస్థ కంప్యూటర్ విభాగంలో గడిచింది కాబట్టి అక్కడిదేదో చెబుతానని కాగితం, కలం తీస్తారు. నేను ఫిల్మ్ నగర్ గురించి చెబుతాను. నమ్మరు. అందుకే పాత డైరీలు ముందు పెట్టుకుని, తేదీల చాదస్తం తగ్గించుకుని ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. వాళ్లంతా ఇంకా ఇవే రోడ్ల మీద కార్లలో తిరుగుతున్నారు, నేను నడిచి తిరుగుతున్నాను. పేర్లు రాయకపోవడమే నాకు క్షేమం.

రిటైరయ్యాక మధురానగర్‌లో ఇంట్లో కూర్చుని, మా ఆవిడ పోపుల డబ్బాకు లేబుళ్లు అంటించడం మొదలుపెట్టాను. జీలకర్రకు అంటించేదాకా ఊరుకుంది. ఉప్పుకు కూడా అంటించాక తన తమ్ముడికి ఫోన్ చేసి, "ఈయనకి ఎక్కడన్నా ఉద్యోగం చూడరా" అంది. అలా ఒక సినిమా నిర్మాణ సంస్థలో సిస్టమ్స్ ఇన్‌చార్జిగా చేరాను.

ఆఫీసు ఫిల్మ్ నగర్‌లో ఒక వాలు సందులో, రెండంతస్తుల ఇల్లు. కింద ప్రొడక్షన్ మేనేజరు, లెక్కలు చూసేవాళ్లు. పైన కథల గది. ఆ గదిలో బల్లలు లేవు, పరుపులున్నాయి. దర్శకుడూ రచయితలూ పరుపుల మీద పడుకుని కథను నోటితో చెప్పుకుంటారు. దాన్ని సిట్టింగ్ అంటారు. పడుకుని చేసే పనికి ఆ పేరెందుకని నేను మొదటిరోజే అడిగాను. ఎవరూ నవ్వలేదు. అక్కడ నవ్వించే పని వేరేవాళ్లదని తర్వాత తెలిసింది.

నేను చేరిన కొన్నాళ్లకు, తీస్తున్న సినిమాలో ఇంటర్వెల్ మలుపు ఏమిటో ఒక గాసిప్ వెబ్‌సైట్‌లో వచ్చేసింది. అన్నదమ్ముల పగ కథ అది. అన్నయ్యే తమ్ముడి మీద కేసు పెట్టించాడన్నది ఆ మలుపు. దర్శకుడు కథల గదిలోంచి దిగి వచ్చి నిర్మాత ముందు కూర్చున్నాడు. ఆ పూట నేను నిర్మాత గదిలోనే ప్రింటర్ బాగుచేస్తున్నాను.

"ఈ మలుపు తెలిసింది ముగ్గురికండీ. నాకు, మీకు, ఆ అమ్మాయికి" అన్నాడు.

ఆ అమ్మాయి అంటే సహాయ రచయిత్రి. వరంగల్ వైపు నుంచి వచ్చింది. దర్శకుడు చెప్పినదాన్ని టైపు చేయడంతోపాటు సగం డైలాగులు తనే రాసేది. అంతకుముందు పనిచేసిన సినిమాల్లో ఆమె మాటలు తెర మీదికి వచ్చాయి గాని పేరు రాలేదు. ఈ సినిమాకి టైటిల్స్‌లో పేరు వేస్తామని మొదటిసారి మాట ఇచ్చారు.

"పేరు తీసేసి పంపించేద్దామండీ" అన్నాడు దర్శకుడు.

నిర్మాతది గోదావరి జిల్లా. పెద్ద గొంతు, మెత్తటి మనసు. "ఆడపిల్ల ఉసురు మనకెందుకండీ. ముందు కంప్యూటర్లకి గట్టి తాళాలు వేయిద్దాం. అప్పుడు కూడా బయటికెళ్లిందనుకోండి, మీ ఇష్టం" అన్నారు. అని, ప్రింటర్ దగ్గరున్న నా వైపు తిరిగి, "ఏం మాస్టారూ, తాళాలున్నాయా?" అన్నారు.

ఉన్నాయన్నాను. సాయంత్రం మెట్ల దగ్గర ఆ అమ్మాయి నన్ను ఆపింది.

"సార్, గా తాళమేదో జర గట్టిది చూడుండ్రి. మల్ల బయటికి పోతె మిషన్‌ని ఎవ్వరు అనరు. నన్నే అంటరు."

మామూలుగా ఏ ఆఫీసులోనైనా నా తాళాలు చూసి జనం విసుక్కుంటారు. ఇంకా గట్టిగా వెయ్యమని అడిగింది నా సర్వీసు మొత్తంలో ఆమె ఒక్కతే.

ఆ ఆఫీసులో ఉన్న సాఫ్ట్‌వేర్ అంతా ఎక్కడెక్కడి నుంచో కాపీ చేసి తెచ్చినది. వైరస్‌లు కుటుంబాలతో సహా కాపురం ఉంటున్నాయి. అన్నీ ఖాళీ చేసి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెడదామన్నాను. దాని లోపలి రాత అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. అందువల్లే దాన్ని రకరకాలుగా తయారుచేసి పంచేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. మనకు కావలసిన రకం ఎంచుకోవడమే పని.

"లోపల అందరికీ తెరిచిపెట్టింది సెక్యూరిటీ ఎలా అవుద్దండీ?" అన్నారు నిర్మాత.

"తాళం తయారీ అందరూ చూడొచ్చండీ. తప్పుంటే ఎవరో ఒకరు పట్టుకుంటారు. మీ తాళంచెవి మాత్రం మీ దగ్గరే ఉంటుంది."

ఆయన, "అంటే కథ ఊరందరికీ తెలిసినా హీరో డేట్లు మన చేతిలో ఉన్నట్టు" అన్నారు. నేను ఇంతకాలం చెప్పిన వివరణలన్నిటికన్నా అదే బాగుందనిపించి ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

మూడు రకాలు ఏరాను. నా అలవాటు ప్రకారం పరీక్షలకు ఒక పట్టిక వేసుకుని వెళ్తే, అక్కడ అప్పటికే లుక్ టెస్ట్ ఏర్పాటు చేశారు. కొత్త హీరోయిన్‌ని ఎంచుకునేటప్పుడు కూర్చున్నట్టే నిర్మాత, దర్శకుడు, మేనేజరు వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. నేను ఒక్కొక్కదాన్నీ తెర మీదికి పిలిచాను.

మొదటిది ప్రతి పనినీ ఒక విడి గదిలో పెట్టి తలుపు వేసే రకం. ఒక గదిలో దొంగ పడ్డా పక్కగదికి పోలేడు. భద్రత అంటే అదీ అని నాకు దాని మీద కొంచెం ప్రేమ. కాని ఒక ఫొటో చూడటానికి నిర్మాత మూడు తలుపులు తీయాల్సి వచ్చింది. "మాస్టారూ, ఇది మా పెద్దబ్బాయి పెళ్లినాటి కల్యాణమంటపంలా ఉందండీ. పెళ్లికొడుకు తండ్రిని నేనే, నన్నే ఆపుతున్నారు" అన్నారు. అది పోయింది.

రెండోది మూసిన మరుక్షణం అన్నీ మరిచిపోయే రకం. తెరిచినప్పుడల్లా కడిగిన పలకలా వస్తుంది. దాచుకోవలసినవి విడిగా ఒకచోట దాచుకోవాలి. దర్శకుడికి ఇది నచ్చింది. సరే, ముందు మేనేజరు మిషన్‌లో పెట్టి చూద్దామన్నారు. మూసేముందు ఎక్కడ దాచాలో ఒక చీటీ రాసి మానిటర్‌కు అంటించాను. మేనేజరు భక్తుడు. నా చీటీ మీద వెంకటేశ్వరస్వామి ఫొటో అంటించుకున్నాడు.

మర్నాటి షూటింగ్‌కి ఎవరెవరు, ఏమేమి రావాలో కాల్‌షీట్ తయారుచేసి, కంప్యూటర్ కట్టేసి ఇంటికి వెళ్లాడు. పొద్దున వచ్చి తెరిస్తే ఏమీ లేదు. గుర్తున్నంతవరకు ఫోన్లు చేసుకున్నాడు. కాసేపటికి లొకేషన్ నుంచి నాకు ఫోన్ చేశాడు.

"పెద్దసార్, గుర్రం వచ్చింది. ఎక్కేటాయన రాలే. ఇప్పుడు నేనెక్కాల్నా?"

"ఎక్కేవాళ్ల పేరు గుర్తు లేదా మీకు?"

"నాకు గుర్తుంటె ఇంక మీ డబ్బా ఎందుకు సార్. గుర్రమోళ్లకు దినం కిరాయి పోతాంది. జర జల్ది మీరే ఏదన్న చెప్పుండ్రి."

ఆ రోజు ఆ గుర్రం లొకేషన్‌లో గడ్డి తిని, భోజనాల వేళకి తిరిగి వెళ్లిపోయింది. యూనిట్లో అందరికన్నా హాయిగా పనిచేసింది అదేనని మేనేజరు చాలాకాలం చెప్పుకున్నాడు.

మూడోది అన్నిటికన్నా పాతకాపు. తొందరపడి మారదు. పైకి ఎలా కావాలంటే అలా అలంకరించుకోవచ్చు, లోపల తాళాలు కావలసినన్ని వేసుకోవచ్చు. దానికి రంగూ రూపూ పెద్దగా లేవు. తెర మీదికి రాగానే దర్శకుడు, "కేరెక్టర్ ఆర్టిస్టులా ఉందండీ" అన్నాడు. నిర్మాత నల్లటి తెర చూసి, "మన బ్యానర్‌కి నలుపు అచ్చిరాదు" అన్నారు. పసుపుపచ్చ చేశాను. అంతలో ఆయన లేచి తెర దగ్గరికి వచ్చి, పై మూల కుడివైపు వేలు పెట్టారు.

"ఇదేంటండీ?"

"చెత్తబుట్టండీ. అక్కర్లేని ఫైళ్లు అందులో పడేస్తాం."

"ఈశాన్యంలో చెత్తబుట్టా మాస్టారూ? గుర్రం ఎందుకు వెనక్కెళ్లిందో ఇప్పుడు తెలిసింది."

అది వేరే కంప్యూటర్ అని నేను అనలేదు. చెత్తబుట్టను నైరుతికి మార్చాను. ఆ తర్వాత ఎవరు ఏమడిగినా చేశాను. మేనేజరుకు తెరంతా వెంకటేశ్వరస్వామి. దర్శకుడికి క్లాప్ చప్పుడుతో మొదలయ్యేలా. వాళ్లు రంగులు చూసుకుంటున్నంతసేపూ నేను లోపల తాళాలు వేసుకుంటూ పోయాను. స్క్రిప్టు ఫైళ్లు రెండే మిషన్లలో, వాటికి ఇంటర్నెట్ లేదు, పెన్‌డ్రైవ్ ఎక్కదు, డిస్కు మొత్తం రహస్య లిపిలో. తాళాల గురించి ఒక్కరూ ప్రశ్న అడగలేదు. చెత్తబుట్ట గురించి మాత్రం నిర్మాత ఇంటి నుంచి కూడా ఫోన్ చేశారు.

మంచిరోజు చూసి ముహూర్తం పెట్టారు. దర్శకుడు క్లాప్ కొట్టాడు, నిర్మాత స్విచ్చాన్ చేశారు. గౌరవ దర్శకత్వం నాకిచ్చారు. కొబ్బరినీళ్లు పడి ఒక కీబోర్డు అక్కడికక్కడే పోయింది. శుభమన్నారు.

పెన్‌డ్రైవ్ పెడితే తెర మీద ఏదో ఒక హెచ్చరిక రావాలి కదా. నేను 'అనుమతి లేదు' అని పెట్టాను. సహాయ రచయిత్రి అది చూసి మొహం చిట్లించింది.

"గిదేం డైలాగ్ సార్, పోలీస్ స్టేషన్ లెక్క. నేను రాస్త."

ఆమె రాసింది ఇది: "ఏంది, పెన్‌డ్రైవ్ తెచ్చినవా? గిది ఎక్కదు గని, కిందికి పోయి చాయ్ తాగు." దాన్ని చూడటం కోసమే ఆఫీసులో ప్రతివాళ్లూ పెన్‌డ్రైవులు తెచ్చి పెట్టసాగారు. నిర్మాత జూబ్లీ హిల్స్ నుంచి అతిథుల్ని తీసుకొచ్చి మరీ చూపించారు. చూసినవాళ్లు చాయ్ కూడా తాగి వెళ్లేవారు. నా సర్వీసులో జనం ఇష్టపడిన సెక్యూరిటీ అదొక్కటే.

నెలా నెలన్నరా నిమ్మళంగా గడిచింది. అప్పుడు దర్శకుడు క్లైమాక్స్ మార్చాడు. పాతదాంట్లో అన్నయ్య తమ్ముడి చేతుల్లో చనిపోతాడు. కొత్తదాంట్లో కోర్టుకు వచ్చి లొంగిపోతాడు. పై గదిలో సిట్టింగ్ జరిగింది. దర్శకుడు చెప్పాడు, నిర్మాత, ఆ అమ్మాయి విన్నారు. "నేను చెప్పేదాకా టైపు చెయ్యొద్దు" అని ఆమెతో అన్నాడు. ఆ వారం తిరక్కుండానే కొత్త క్లైమాక్స్ గాసిప్ సైట్‌లో వచ్చింది.

నిర్మాత జూబ్లీ హిల్స్ ఇంటికి అందరినీ పిలిపించారు. హాల్లో సోఫాలు చాలా ఉన్నా ఆ అమ్మాయి నిలబడే ఉంది. నేను రెండు మిషన్ల వివరాలూ తీసుకుని వెళ్లాను.

"ఫైల్ బయటికి పోలేదండీ. పోవడానికి అసలు ఫైలే లేదు. కొత్త క్లైమాక్స్ ఏ కంప్యూటర్‌లోనూ ఒక్క అక్షరం కూడా టైపు కాలేదు" అన్నాను, కొంచెం గర్వంగానే.

దర్శకుడు తల ఊపాడు. "నేను చెప్పేదీ అదే సార్. మిషన్ నుంచి పోలేదంటే నోటినుంచే పోయింది. గదిలో ఉన్నది ముగ్గురం. నా సినిమా నేను చెప్పుకోను. డబ్బు పెట్టినాయన చెప్పుకోడు."

నా తాళం ఎంత బాగా పనిచేసిందో ఆమె మెడకు అంత బాగా బిగుసుకుంది. ఆమె నా వైపు చూడలేదు. దర్శకుడి వైపే చూసి, "నేను చెప్పలే సార్" అంది.

నాకు ఒక్కటే విద్య తెలుసు. ఏ పనిలోనైనా రెండు ప్రతులు దొరికితే పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తాను. దర్శకుడిని సిట్టింగ్‌లో చెప్పింది చెప్పినట్టు మళ్లీ చెప్పమన్నాను. విసుక్కున్నా చెప్పాడు. కథ చెప్పమంటే కాదనే దర్శకుడు ఆ చుట్టుపక్కల లేడు. తర్వాత నేను ఫోన్‌లోంచి సైట్‌లో వచ్చింది గట్టిగా చదివాను. అన్నయ్య మనసు మారడం, అమ్మ ఉత్తరం, కోర్టు, అన్నీ సరిపోయాయి. చివర 'హెలికాప్టర్‌లో వచ్చి కోర్టు ఆవరణలో దిగి లొంగిపోతాడు' అని ఉంది.

"హెలికాప్టరా? నేను చెప్పలేదే" అన్నాడు దర్శకుడు.

"గదిల హెలికాప్టర్ లేదు సార్. ఆటోల వస్తడన్నరు" అంది ఆ అమ్మాయి.

నిర్మాత గారు మంచినీళ్ల గ్లాసు అందుకున్నారు. అప్పుడే ఆయన భార్య కాఫీలు తీసుకొచ్చి బల్ల మీద పెట్టారు.

"హెలికాప్టర్ మొదట్లో లేదండీ అన్నయ్యగారూ" అన్నారు నాతో. "ఈయన పళ్ల డాక్టరు గారికి చెప్పేటప్పుడు వచ్చింది. అంతకుముందురోజు వాకింగ్‌లో వాళ్లకి చెప్పినప్పుడు కారే."

దర్శకుడు నిర్మాత వైపు తిరిగాడు.

"నువ్వు లోపలికెళ్లవే" అన్నారు నిర్మాత.

"వెళ్తాలెండి. జ్యోతిష్యుడు గారికి చెప్పినప్పుడు రెండు హెలికాప్టర్లన్నారు. పాపం ఆ పిల్లని నిలబెట్టి మాట్లాడుతున్నారు, అది అడగండి ముందు." ఆవిడ ఒక కప్పు తీసుకెళ్లి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, కూర్చోబెట్టి, అప్పుడు లోపలికి వెళ్లారు.

నిర్మాత గ్లాసు దించారు. "బయటివాళ్లకి చెప్పి చూస్తేనే కదండీ పల్స్ తెలిసేది. మా నాన్నగారి కాలం నుంచీ అంతే. వాళ్లకి చెప్పకుండా సినిమా తీస్తే నాకు నిద్ర పట్టదు" అన్నారు. దొంగతనం ఒప్పుకున్నట్టు లేదు. ఆయనకి అది దొంగతనమని తోచలేదు కూడా.

దర్శకుడు కాఫీ కప్పు పక్కన పెట్టి, "సరేలేమ్మా. ఆఫీసుకెళ్లి క్లైమాక్స్ టైపు చేసుకో" అన్నాడు. అతనికి తెలిసిన క్షమాపణ అదే.

"ఏది సార్? హెలికాప్టర్ తోనా, లేకుంటనా?" అంది ఆమె.

నిర్మాతే ముందు నవ్వారు.

అయితే చిక్కు తీరలేదు. కంప్యూటర్లకు తాళాలున్నాయి గాని నిర్మాతకి ఏ రకం ఇన్‌స్టాల్ చెయ్యాలో నాకు తెలియదు. ఆయన చెప్పనని ఒట్టు పెట్టుకున్నారు. రెండు రోజులకే మొహం వాడిపోయింది. వాకింగ్‌కి వెళ్లడం మానేశారు. ఆఫీసు మెట్ల దగ్గర మళ్లీ ఆపి ఆ అమ్మాయే నాకు దారి చెప్పింది.

"చెప్పకుండ్రి అంటె సార్ ఆగరు. చెప్పనీకి ఏదన్న ఇయ్యాలె."

ఆ రోజు నుంచి ఆమె వారానికో అబద్ధపు క్లైమాక్స్ రాసి నిర్మాతకి ఇచ్చేది. ఆయనకి అవి అబద్ధమని తెలుసు. తెలిసి కూడా చెప్పడం మొదలుపెట్టేసరికి ప్రాణం లేచి వచ్చింది. నేను నా వంతుగా కింది గది మిషన్‌లో 'అసలు క్లైమాక్స్' అని ఒక ఫోల్డర్ పెట్టి, ఆ అబద్ధాలన్నీ అందులో ఉంచి, దానికి మాత్రం తాళం వెయ్యలేదు. పెన్‌డ్రైవ్ కూడా ఎక్కేలా చేశాను. గాసిప్ సైట్ ఒక వారం అన్నయ్యను చంపింది, మరో వారం సన్యాసం ఇప్పించింది, ఇంకో వారం అతను అసలు అన్నయ్యే కాదంది. చదివేవాళ్లు చివరికి కింద తిట్లు రాయసాగారు.

ఆ అబద్ధపు క్లైమాక్సుల్లో ఒకదాంట్లో, ఆ అన్నదమ్ముల తల్లి కోర్టు బోనెక్కుతుంది. పెద్దకొడుకు పెట్టించిన కేసు దొంగదని, దాన్ని పెట్టమని తనే చెప్పానని సాక్ష్యమిస్తుంది. కొడుకులిద్దరూ కాపాడబోతే వద్దని చేత్తో ఆపుతుంది. అంతే, ఫైటూ లేదు, ఆటో కూడా లేదు. నిర్మాత దాన్ని వాకింగ్‌లో చెబితే అందరూ బెంచీ మీద కూర్చుండిపోయారట. పళ్ల డాక్టరు యంత్రం ఆపేసి, మాస్కు తీసి కళ్లు తుడుచుకున్నాడట. నిర్మాత ఆఫీసుకొచ్చి ఇదంతా దర్శకుడికి చెబుతుంటే ఆయన కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. సగం నోరు మొద్దుబారి ఉంది, మిగతా సగంతోనే చెప్పారు.

దర్శకుడు లేచి పైకి వెళ్లాడు. మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఆ ఫైల్‌ని లోపలికి మార్చాలి. తాళం ఉన్నదాంట్లోకి."

"ఏ ఫైల్ సార్?"

"ఆ అబద్ధం" అన్నాడు, పక్కకి చూస్తూ.

మార్చాను. దాన్నే తీశారు. ఆ క్లైమాక్స్ అప్పటికే సైట్‌లో అచ్చయి, అబద్ధాల్లో ఒకటిగా అందరూ కొట్టిపారేసి ఉండటం వల్ల, ఇంకెవరూ దాన్ని బయటపెట్టలేకపోయారు. విడుదలయ్యాక వాకింగ్ మిత్రులు వచ్చి, "మాకు నిజమే చెప్పారు, మేమే నమ్మలేదు" అని నిర్మాతని కౌగిలించుకున్నారు. ఆ అబద్ధం ఎవరిదో ఆయన వాళ్లకి ఎప్పుడు చెప్పారో, ఎంత పెంచి చెప్పారో నాకు తెలియదు.

మీరు ఏ ఆఫీసుకు వెళ్లినా సిస్టమ్ ఎంచుకునేముందు అక్కడ ఒక పూట ఊరికే కూర్చోండి. ఎవరు ఎవరికి ఏమి చెప్పుకుంటే వాళ్లకి అన్నం సయిస్తుందో చూడండి. తాళాలు ఆ తర్వాత. నేను పట్టిక వేసుకుని వెళ్లాను గాని అందులో ఆ గడి లేదు.

విడుదలకు ముందు ఫిల్మ్ నగర్‌లోనే ఒక ప్రివ్యూ థియేటర్‌లో యూనిట్‌కి సినిమా వేశారు. ఆ అమ్మాయి నా పక్క సీట్లో కూర్చుంది. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదట, పేరు పడ్డాకే చెబుతానంది. దర్శకుడు ముందు వరసలో ఉన్నాడు. టైటిల్స్‌లో చాలా పేర్లు గుంపులు గుంపులుగా వచ్చి పోతాయి. పేరు ఒక్కటే తెర మీద నిలిస్తే దాన్ని సింగిల్ కార్డ్ అంటారు, దానికోసం ఏళ్ల తరబడి పోట్లాడుకునేవాళ్లున్నారు. దర్శకుడి పేరు మాత్రం అన్నిటికన్నా చివర రావడం పరిశ్రమ ఆనవాయితీ.

సహాయ దర్శకుల గుంపు వెళ్లిపోయింది. తర్వాత తెర ఖాళీ అయ్యి, మధ్యలో ఆమె పేరొక్కటే వచ్చింది. కింద 'మాటలు, పతాక సన్నివేశం' అని ఉంది. అది నిలిచింది. మేనేజరు ఎక్కడో చీకట్లోంచి ఈల వేశాడు. ఆమె కుర్చీ చేతిని పట్టుకుని కదలకుండా చూస్తూ ఉంది.

ముందు వరసలోంచి దర్శకుడు వెనక్కి తిరిగాడు. "ఏమ్మా, కనిపించిందా?"

"కనవడ్డది సార్" అంది. మళ్లీ అంది, "మీ పేరు కంటె ముందే వచ్చింది."